ఎంజైమ్ పౌడర్ ఫేస్‌వాష్ కొంటున్నారా? మూత తీసే ముందు ఇది చదవండి

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్తే మా వదిన వంటింటి గట్టు మీద వెండి రంగు ప్యాకెట్ ఒకటి కనబడింది. వదిన చాలా ఏళ్లుగా సున్నిపిండి చేసి అమ్ముతోంది. పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన గులాబీ రేకులు, తులసి అన్నీ మిల్లు పట్టించి ఇంట్లోనే ప్యాకింగ్ చేసి వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు తీసుకుంటుంది. ఈసారి కొత్తగా ఆన్‌లైన్లో అర కిలో ప్రోటియేజ్ ఎంజైమ్ పొడి, అంటే ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్, తెప్పించింది. "కొరియా పౌడర్ ఫేస్‌వాష్‌లలో ఇదే వేస్తారంట, మన పిండిలో కిలోకి రెండు చెంచాలు కలిపితే ముఖం అద్దంలా వస్తుందంట" అంటూ కత్తెర తీసుకుని ప్యాకెట్ మూల కత్తిరించబోయింది. పైన ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది, పక్కనే పీట మీద మా మేనకోడలు కూర్చుని ఉంది, దానికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నేను అరిచినంత పని చేశాను. "వదినా, కత్తిరించకు, ముందు ఆ ఫ్యాన్ ఆపు."

నేను ఎనిమిదేళ్లు ఎంజైములు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని చేశాను. ఆ ప్యాకెట్ లోపల ఎలాంటి పొడి ఉంటుందో, చిటికెడు గాల్లోకి లేస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. మా ప్యాకింగ్ సెక్షన్లో ఒక అన్న ఉండేవాడు, చేరిన ఏడాది వరకు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత తుమ్ములు, ముక్కు కారడం, కొన్నాళ్లకి పిల్లికూతలు. ఆదివారం ఇంట్లో ఉంటే బాగానే ఉండేవాడు, సోమవారం డ్యూటీ ఎక్కాడంటే సాయంత్రానికి ఊపిరి ఆడేది కాదు. చివరికి ఆ సెక్షన్ నుంచి మార్చారు. అందుకే ఎవరైనా "బ్యాక్టీరియా ఎంజైమ్ ముఖానికి మంచిదేనా" అని అడిగితే మంచిదే, చెడ్డదే అని ఒక్క మాటలో చెప్పలేను. అది గాల్లోకి లేస్తుందా, చర్మం మీద ఎంతసేపు ఉంటుంది, ఆ చర్మం చెక్కుచెదరకుండా ఉందా, ఈ మూడూ అడిగాకే జవాబు చెప్తాను. కింద రాసిందంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే.

ముందు అసలు అదేంటో

చాలామందికి మొదటి భయం "ముఖానికి బ్యాక్టీరియా పూసుకుంటున్నామా" అని. ఆ భయం అక్కర్లేదు. ఎంజైమ్‌కి ప్రాణం ఉండదు, అది ఒక ప్రోటీన్. పెద్ద ట్యాంకుల్లో బ్యాక్టీరియాని పెంచుతారు, అది తన చుట్టూ ఉన్న ద్రవంలోకి ఎంజైమ్‌ని వదులుతుంది, తర్వాత కణాలని వడపోసి తీసేసి, మిగిలిన ద్రవాన్ని చిక్కబరిచి, కొన్నిసార్లు పొడిగా ఆరబెడతారు. మన చేతికి వచ్చే సరుకులో బ్రతికున్న బ్యాక్టీరియా ఉండకూడదు, బాగా చేసినదైతే ఉండదు కూడా.

చర్మానికి వాడే వాటిలో ఎక్కువగా కనబడేది సబ్టిలిసిన్. బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటి మట్టిలో, ఎండుగడ్డిలో ఉండే బ్యాక్టీరియా నుంచి వస్తుంది. సబ్టిలిస్ తినే వంటల్లో కూడా ఉంటుంది, జపాన్ వాళ్ల నాటో, సిక్కిం వైపు కినేమా అనే సోయా వంటకాలు పులిసేది దీనితోనే. సబ్టిలిసిన్ సంగతి 1940ల చివర్లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో, కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్ మీద పని చేస్తుండగా బయటపడింది. దాని పని ప్రోటీన్‌ని ముక్కలు చేయడం. బట్టల సబ్బు పొడిలో దీన్ని వేసేది కూడా అందుకే, చొక్కా మీద రక్తం మరక, పప్పు మరక, చెమట మరక వీటన్నిటిలో ప్రోటీన్ ఉంటుంది కాబట్టి. కాంటాక్ట్ లెన్సుల మీద పేరుకునే ప్రోటీన్ పొర తీసే బిళ్లల్లో కూడా ఇదే వాడతారు, ఆ తర్వాత లెన్సు శుభ్రంగా కడిగి గానీ కంట్లో పెట్టుకోనివ్వరు.

ముఖం మీద ఏం చేస్తుందంటే, చర్మం పైపొరలో చనిపోయిన కణాలు ఒకదానికొకటి ప్రోటీన్ బొత్తాలతో పట్టుకుని ఉంటాయి, ఎంజైమ్ ఆ బొత్తాలని కొరుకుతుంది, మృతకణాలు రాలిపోతాయి, ముఖం నున్నగా తగులుతుంది. ఈ పని చేసే ఎంజైములు మన చర్మంలోనే పుట్టుకతో ఉన్నాయి, వాటిని అదుపు చేసే ప్రోటీన్లూ ఉన్నాయి. ఆ అదుపు లేకుండా పుట్టేవాళ్లకి నెదర్టన్ సిండ్రోమ్ అని అరుదైన జబ్బు వస్తుంది, చర్మం ఎర్రబడి పొట్టులు పొట్టులుగా ఊడుతూనే ఉంటుంది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, బొత్తాలు కొరికే పని కొంచెం జరిగితే నునుపు, ఎక్కువైతే పుండు. రెండూ ఒకే పని, తేడా మోతాదులోనే.

ఇంకొక ఊరట ఉంది. సబ్టిలిసిన్ అణువు బరువు దాదాపు 27,000 డాల్టన్లు (అణువుల బరువు చెప్పే కొలత). చెక్కుచెదరని చర్మంలోంచి లోపలికి దూరాలంటే 500 డాల్టన్ల లోపు ఉండాలని చర్మవైద్యులు ఒక లెక్క చెప్తారు. అంటే ఆరోగ్యంగా ఉన్న చర్మంలోంచి ఇది ఒంట్లోకి దిగిపోదు. తామర, గజ్జి, పగుళ్లు, గోక్కున్న మొటిమలు, షేవింగ్ గాట్లు ఉన్న చోట మాత్రం ఈ లెక్క పనికిరాదు.

అసలు జాగ్రత్త ఎక్కడ కావాలంటే

చర్మం కంటే ముందు ముక్కు గురించి చెప్పాలి. 1960ల్లో బ్రిటన్‌లో, ఇతర దేశాల్లో ఎంజైములు కలిపిన బట్టల సబ్బు పొడి ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. సన్నటి దుమ్ములాంటి ఎంజైమ్ పొడిని అలాగే కలిపేవారు. పనివాళ్లకి వరసగా దగ్గు, ఆయాసం, ఆస్తమా రావడం మొదలైంది, 1969లో ది లాన్సెట్ వైద్య పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. అప్పటి నుంచి ఎంజైమ్‌ని మైనం లాంటి పూత వేసిన గుళికలుగా చేయడం, యంత్రాలని మూసి నడపడం మొదలుపెట్టారు, ఇబ్బంది బాగా తగ్గింది. బ్యాక్టీరియా అదే, ఎంజైమూ అదే, దుమ్ము లేవకుండా చేశారు, అంతే.

ఎంత తక్కువకి ఇబ్బంది వస్తుందో చెప్తే మీరు నమ్మరు. పని స్థలాల్లో సబ్టిలిసిన్‌కి అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం పెట్టిన పరిమితి, ఒక ఘనపు మీటరు గాలికి 60 నానోగ్రాములు, ఏ క్షణంలోనూ దాటకూడదు. ఒక గ్రాములో 100 కోట్ల నానోగ్రాములు ఉంటాయి. మూడు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గది తీసుకుంటే గదంతా కలిపి 1,620 నానోగ్రాములు, అంటే ఒక ఉప్పు రవ్వ బరువులో చిన్న వంతు మాత్రమే. ఇది రోజూ పనిలో ఉండేవాళ్ల కోసం పెట్టిన లెక్క అన్నమాట నిజమే, ముఖానికి రోజుకోసారి వాడేవాళ్లకి దీన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు. కానీ అర కిలో పచ్చి పొడి ప్యాకెట్‌ని తిరుగుతున్న ఫ్యాన్ కింద కత్తిరించేవాళ్లకి ఇది వర్తిస్తుంది. యూరప్ రసాయనాల వర్గీకరణలో కూడా శుద్ధమైన సబ్టిలిసిన్‌కి పీలిస్తే అలర్జీ, ఆస్తమా తెప్పించగలదనీ, చర్మానికి మంట పెడుతుందనీ, కంటికి తీవ్రమైన హాని చేయగలదనీ గుర్తులు ఉన్నాయి.

ఈ అలర్జీ వచ్చే తీరు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇది మనల్ని నమ్మించి దెబ్బ తీస్తుంది. మొదటి రోజు ఏమీ కాదు. నెల రోజులు ఏమీ కాదు. ఆ లోపల ఒళ్లు ఆ ప్రోటీన్‌ని గుర్తుపెట్టుకుని దాని మీద ఐజీఈ యాంటీబాడీలు, అంటే అలర్జీకి కారణమయ్యే రక్షక ప్రోటీన్లు, తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత ఒక రోజు తుమ్ములు, దద్దుర్లు, పిల్లికూతలు. "ఇన్నాళ్లూ వాడా, ఏం కాలేదు, ఇది దానివల్ల కాదులే" అనుకుంటారు, అక్కడే పొరపాటు. 1998లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఎంజైమ్ కలిపిన స్నానపు ఉత్పత్తిని అలర్జీ తత్వం ఉన్నవాళ్ల చేత 6 నెలలు వాడించి చూస్తే, కొందరి ఒంట్లో ఆ ఎంజైమ్ మీద యాంటీబాడీలు తయారయ్యాయి. స్నానం చేసేటప్పుడు లేచే సన్నటి తుంపరలోంచి అది ముక్కులోకి వెళ్లే వీలుంది.

జపాన్‌లో ఇంకో ఉదంతం జరిగింది. అది ఎంజైమ్ కాదు గానీ, ముఖం సబ్బులో వేసిన గోధుమ ప్రోటీన్. రోజూ ఆ సబ్బుతో ముఖం కడుక్కున్న 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది, ముఖం దద్దుర్లతో మొదలై, గోధుమతో చేసినవి తింటే ఊపిరాడని స్థితి దాకా. 2010 ప్రాంతంలో ఈ గొడవ బయటపడింది. కడిగేసేదే కదా, నురగే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తాను. ప్రోటీన్ ఏదైనా సరే, చర్మానికి, కంటికి, ముక్కుకి రోజూ తగిలితే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకునే అవకాశం ఉంటుంది.

"అయితే బ్యాక్టీరియాది మానేసి చెట్టుది వాడతాం, బొప్పాయి ఎంజైమ్ సహజం కదా" అంటారు. బొప్పాయి పాలలో ఉండే పపైన్ కూడా ప్రోటీన్ కోసే ఎంజైమే, ఇంటి దుమ్ములో ఉండే పురుగుల్లో అలర్జీ తెప్పించే ఎంజైమ్ కుటుంబానికి చెందినదే. పుండ్ల మీద రాసే పపైన్ మందులని తీవ్రమైన అలర్జీలు వస్తున్నాయని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీసేయమంది. చెట్టుదా, బ్యాక్టీరియాదా అన్నదాని బట్టి భద్రత తేలదు.

డబ్బా వెనక ఏం చూడాలి

ముందున్న పెద్ద అక్షరాలు వదిలేయండి, వెనకున్న సన్నక్షరాలు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. ఇంగ్లీషులో ఉండే పేర్లు ఇక్కడ పలికేలా రాస్తున్నా. సబ్టిలిసిన్ అని ఉంటే సూటిగా తెలిసిపోతుంది. ప్రోటియేజ్ అని మాత్రమే ఉంటే అది ప్రోటీన్ కోసే ఎంజైమ్ అని తెలుస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. లైపేజ్ కొవ్వుని కోస్తుంది. కెరటినేజ్ అంటే చర్మంలో, వెంట్రుకలో ఉండే కెరటిన్‌ని కోసేది, అది కనబడితే ఇంకాస్త ఆలోచించండి. బాసిల్లస్ ఫెర్మెంట్ అన్న పేరుతో ప్రోటియేజ్ ఎంజైమ్ ఉండే సరుకులు కూడా ఉన్నాయి, కాబట్టి ఆ పేరు చూసి పెరుగులాంటిదేదో అనుకోవద్దు. లాక్టోబాసిల్లస్ ఫెర్మెంట్, లైసేట్ (పగలగొట్టిన బ్యాక్టీరియా కణాల సారం) లాంటివి వేరు, వాటిలో పనిచేసే ఎంజైమ్ ఉండాలనేం లేదు. ఫోటోలైయేజ్ అని కొన్ని ఖరీదైన సన్‌స్క్రీన్లలో కనబడుతుంది, నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా నుంచి తీసింది, వెలుతురు తగిలితే ఎండ వల్ల దెబ్బతిన్న డీఎన్‌ఏని సరిచేసే రకం. అది ప్రోటీన్ని కోసేది కాదు, చర్మాన్ని కొరుకుతుందన్న భయం దాని గురించి అక్కర్లేదు.

మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోపు వాడాలో ఆ తేదీ, అందులో వేసిన పదార్థాల జాబితా ఉండాలి. విదేశాల నుంచి వచ్చిందైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సూట్‌కేసులో తెచ్చి అమ్మే కొరియా డబ్బాల మీద ఈ నంబరు ఉండదు, ఏదైనా తేడా వస్తే అడగడానికి మనిషి కూడా ఉండరు. ఇక జాబితాలో వరస సంగతి, 1 శాతం కంటే ఎక్కువున్నవి బరువు ప్రకారం ముందు రాస్తారు, 1 శాతం లోపువి ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఎంజైములు సాధారణంగా ఆ చివరి గుంపులోనే ఉంటాయి, కాబట్టి స్థానం చూసి ఎంత ఉందో చెప్పలేం. పైగా ఎంజైమ్ బలాన్ని బరువుతో కాదు, అది చేసే పనితో కొలుస్తారు, యూనిట్లలో. ఒకే గ్రాము ఒక కంపెనీది ఇంకో కంపెనీదానికి పది రెట్లు పదునుగా ఉండొచ్చు. ఇంట్లో చెంచాతో కొలిచి కలపడం ఎందుకు కుదరదో ఇక్కడే అర్థమవుతుంది.

పొడి, జెల్, క్రీమ్ ఈ మూడింట్లో నా ఓటు జెల్‌కి, లేదా గుళికలుగా ఉండే పొడికి. పొడి గుళికలుగా ఉందో లేదో తెలియాలంటే పారదర్శకమైన డబ్బాని మూత తీయకుండా ఒకసారి ఊపి చూడండి. టాల్కం పౌడర్‌లా లోపల పొగలా లేస్తే వద్దు. సగ్గుబియ్యం నూకలా కిందపడి ఊరుకుంటే నయం. ఒక్కో వాడకానికి ఒక్కో చిన్న కప్పు వచ్చే రకం ఉంటే ఇంకా మంచిది, తడి చేత్తో డబ్బా ముట్టే పని ఉండదు. రాసి వదిలేసే క్రీముల విషయానికొస్తే, సబ్టిలిసిన్ బాగా పనిచేసేది క్షారంలో, పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె) 8 నుంచి 10 మధ్య. మన చర్మం పీహెచ్ 5 దగ్గర. అంటే రాత్రంతా వదిలేసే క్రీములో అది మెల్లగా, పూర్తి పదును లేకుండా పనిచేస్తుంది, దానికి ఎక్కువ డబ్బులు పోయడం నాకు నచ్చదు.

ఎవరు ముట్టకూడదు

ఉబ్బసం ఉన్నవాళ్లు, ముక్కు అలర్జీ ఉండి పొద్దున్నే తుమ్ములతో లేచేవాళ్లు పౌడర్ రకం జోలికి పోవద్దు, జెల్ కూడా డాక్టర్‌ని అడిగాకే. తామర లాంటి ఎగ్జిమా, ముఖం మీద ఎర్రగా మండే రోజేసియా ఉన్నవాళ్లు వద్దు. రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీమ్ వాడుతున్నవాళ్లు, ఈమధ్యే పార్లర్లో పీలింగో లేజరో చేయించుకున్నవాళ్లు, ముఖం మీద థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేసిన రోజున ఎవరైనా సరే వద్దు. పిల్లలకి అస్సలు అక్కర్లేదు. పెళ్లికి రెండు రోజుల ముందు కొత్తగా మొదలుపెట్టే అమ్మాయిలకి నా ప్రత్యేక మనవి, దయచేసి కనీసం నెల ముందు మొదలుపెట్టండి, లేదా నలుగుతో సరిపెట్టుకోండి.

వాడే పద్ధతి

మొదట మోచేతి మడత లోపల చూసుకోవాలి. ముఖానికి ఎలా వాడతారో అలాగే, తడి చేసి, నురగ చేసి, అంతే సేపు ఉంచి, కడిగేయాలి. రోజుకి రెండుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు చేయండి, ఒక్కసారి చేసి వదిలేస్తే ఏమీ తెలియదు. పొడి అద్ది పైన బ్యాండేజ్ కట్టి రాత్రంతా ఉంచే పని మాత్రం చేయకండి, అలా చేస్తే ఎవరికైనా మండుతుంది, అది పరీక్ష కాదు. ఇంకో సంగతి, ఈ పరీక్షలో చర్మం మంట మాత్రమే తెలుస్తుంది. పీలిస్తే వచ్చే అలర్జీ ఇందులో తెలియదు. దానికి అలర్జీ డాక్టర్ దగ్గర చర్మం మీద సన్నగా గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ పరీక్ష ఉంది.

ఇప్పుడు బాత్రూంలో. ఫ్యాన్ ఆపండి, ఎగ్జాస్ట్ ఉంటే అది నడవనివ్వండి. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. ముఖం, చేతులు ముందే తడిపి పెట్టుకోండి. అరచేతిలో చారెడు నీళ్లు పట్టి అందులోకి డబ్బాని దగ్గరగా, కిందకి వంచి, నీళ్లకి అంగుళం ఎత్తు నుంచి పొడి వేయండి. పొడి చేతిలో ముందు పొడి వేసుకుని తర్వాత కుళాయి తిప్పేవాళ్లని చాలామందిని చూశాను, ధార తగలగానే పొడి పొగలా లేచి నేరుగా ముక్కులోకి పోతుంది. నీళ్లు ముందు, పొడి తర్వాత. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. వేసేటప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టండి. నురగ వచ్చాక కళ్లు మూసుకుని, కనురెప్పలు, పెదవుల అంచులు వదిలేసి, వేళ్ల కొసలతో 30 సెకన్లు రుద్దండి, గట్టిగా కాదు, పసిపిల్ల బుగ్గని తుడిచినట్టు. తర్వాత గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. ఎంజైమ్ కదా ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పని చేస్తుందని ప్యాక్‌లా ఆరనివ్వడం తప్పు. కడిగాక కొబ్బరి నూనె అయినా సరే, వాసన లేని మాయిశ్చరైజర్ అయినా సరే, ఏదో ఒకటి రాయండి, పొద్దున అయితే సన్‌స్క్రీన్ కూడా. వారానికి ఒకటి రెండుసార్లు చాలు, రోజూ వద్దు.

డబ్బాని బాత్రూంలో షవర్ పక్కన పెట్టకండి. తడి తగిలితే ఎంజైమ్ మేలుకుని తనని తానే కోసుకోవడం మొదలుపెడుతుంది, కొన్నాళ్లకి మీరు వాడేది ఉత్త సబ్బు పొడే. మన మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా అంతే. గడ్డ కట్టిన పొడిని చెంచాతో పొడిచి వాడొద్దు, పారేయండి.

పక్కన ఏం ఉండకూడదు

ఎంజైమ్ వాడిన రాత్రి గ్లైకాలిక్, శాలిసిలిక్ యాసిడ్లు, రెటినాల్, విటమిన్ సి సీరం, వాల్‌నట్ స్క్రబ్ ఇవేవీ వద్దు. యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్‌లో ఎంజైమ్ కలిపి వాడితే ఆ పులుపుకి ఎంజైమ్ పని ఆగిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడితే రెండూ చర్మం మీద పని చేసి పైపొర పల్చబడుతుంది. పసుపు, శనగపిండి, నిమ్మరసం ప్యాక్‌లో కలుపుతామని చాలామంది అడుగుతారు, నిమ్మరసం సంగతి కూడా యాసిడే, అదీ వద్దు.

తేడా వస్తే

కడిగిన వెంటనే సన్నటి మంట, ఎరుపు, గంటలో తగ్గిపోతే అది చర్మం చికాకు. వారం ఆపి, చల్లటి నీళ్లు, మాయిశ్చరైజర్‌తో ఉంచండి, తర్వాత మళ్లీ వచ్చిందంటే ఆ డబ్బా మీది కాదు. దద్దుర్లు, దురద, ముక్కు కారడం, ఆగని తుమ్ములు, పిల్లికూతలు, ఇవి కనబడితే ఇది చికాకు కాదు, అలర్జీ. ఇంకోసారి వాడి చూద్దాం అనుకోవద్దు, ఎందుకంటే రెండోసారి మొదటిసారి కంటే గట్టిగా రావచ్చు. డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, జాబితా ఆయన చూడాలి. పెదవులు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయడమే, నిమ్మకాయ నీళ్లతో గడపొద్దు. కంట్లో పడితే రెప్ప తెరిచి పట్టుకుని 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి, నలపొద్దు, తర్వాత కంటి డాక్టర్‌కి చూపించండి.

ఎప్పుడెప్పుడు వాడారో, ఎప్పుడు ఏమైందో ఒక కాగితం మీద తారీకులతో రాసిపెట్టుకోండి. మా ప్యాకింగ్ అన్నకి జబ్బు ఎందుకొచ్చిందో తేలింది కూడా ఆయన భార్య క్యాలెండర్ మీద దగ్గు వచ్చిన రోజుల్ని పెన్సిల్‌తో గుర్తు పెట్టడం వల్లే, ఆదివారాలన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఇంట్లో చేసి అమ్మేవాళ్లకి

మా వదిన లాంటివాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్ల చేతి పని మీద నాకు గౌరవం ఉంది, అందుకే సూటిగా చెప్తున్నా. పచ్చి ఎంజైమ్ పొడి ఇంట్లోకి తేవద్దు. ఫ్యాక్టరీలో మేము దాన్ని ముట్టాలంటే మూసిన గదిలో, గాలి లాగేసే హుడ్ కింద, సరిగ్గా అతికే మాస్కు, చేతులకి గ్లవుజులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని ముట్టేవాళ్లం. చున్నీ కట్టుకుంటే సరిపోదు, ఆ దుమ్ము చున్నీ కంటే సన్నం. పైగా సున్నిపిండిలో కలిపితే, ఆ పిండి కూడా దుమ్మే, వాడేవాళ్లు పళ్లెంలో పొడిగా పోసుకుని నీళ్లు కలుపుతారు, ప్రతి ఇంట్లో ప్రతి వారం గాల్లోకి లేస్తుంది. పీలిస్తే ఎవరికేమవుతుందో మీకు తెలియదు, వాళ్లకీ తెలియదు. చట్టం కూడా ఉంది, కాస్మెటిక్ తయారు చేసి అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు కావాలి. ఎంజైమ్ ఉన్న సరుకే అమ్మాలని పట్టుదల ఉంటే, లైసెన్సున్న తయారీదారు దగ్గర సిద్ధంగా చేయించుకోండి. వాళ్లని మూడు అడగండి, ఎంజైమ్ గుళికల రూపంలో ఉందా, గ్రాముకి ఎన్ని యూనిట్లు, నిల్వ కాలంలో ఆ యూనిట్లు ఎంత తగ్గుతాయో పరీక్షించారా. కాగితం చూపించకుండా నోటిమాటగా "సేఫ్ అండీ" అంటే లేచి వచ్చేయండి.

ఆ రోజు తెనాలిలో ప్యాకెట్ కత్తిరించలేదు. మేనకోడల్ని బయట అరుగు మీదకి పంపించాం. నేను పెరట్లో ఒక బకెట్‌లో ప్యాకెట్ మునిగేంత చల్లటి నీళ్లు పట్టి, గ్లవుజులు వేసుకుని ప్యాకెట్‌ని బకెట్ అడుక్కి ముంచి పట్టుకుని నీళ్లలోనే కత్తిరించాను, ఒక్క రవ్వ కూడా పైకి లేవకుండా. ఆ తర్వాత మరిగే నీళ్లు బకెట్ నిండా మెల్లగా పోశాను. వేడికి ప్రోటీన్ విరిగిపోతుంది, కోడిగుడ్డు ఉడికినట్టు, ఇంక అది దేన్నీ కొయ్యదు. వదిన పక్కన నిలబడి చూస్తూ "ఎంత పోసి కొన్నానో తెలుసా" అంది, ఆ డబ్బులు పోయినందుకు నాకూ బాధేసింది. నీళ్లు బాగా చల్లారేదాకా బకెట్ మీద మూత పెట్టి ఉంచాం, తర్వాత మురుగు కాలవలోకి నెమ్మదిగా వంపేశాం. గట్టుని చీపురుతో ఊడవకుండా తడిబట్టతో రెండుసార్లు తుడిచి ఆ బట్ట కూడా పారేశాం. సాయంత్రం వదిన గ్రూపులో మెసేజ్ పెట్టింది, ఎంజైమ్ సున్నిపిండి ఆర్డర్లు రద్దు, అడ్వాన్సులు రేపు వెనక్కి పంపిస్తాను, మామూలు సున్నిపిండి ఎప్పటిలాగే కిలో, అర కిలో ఉంది అని.